చవక తుపాకి, తాత రాయి

అక్టోబర్ 10, 1987. శనివారం

ఈ నోటుబుక్కు కొన్నది యూనియన్ సమావేశాల్లో రాసుకోవడానికి. మొన్నటి సమావేశానికి ముగ్గురం వచ్చాం. అందులో ఒకడు మరుగుదొడ్డి వెతుక్కుంటూ వచ్చినవాడు. కాబట్టి మిగిలిన కాగితాలు నావి.

ఇవాళ మా అక్క సిల్వియా తన మొగుణ్ణి తీసుకుని దక్షిణాన లాన్సింగ్ నుంచి వచ్చింది. ఆగస్టులో పెళ్ళయింది. పేరు డేల్. పెళ్ళిలో సరిగ్గా చూడలేదు, ఇవాళ చూశాను. చూసినంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. పెద్ద వంతెనకి దక్షిణాన ఉండేవాళ్ళని మేం భూతాలంటాం, కథల్లో భూతాల్లాగే వంతెన కింద బతుకుతారు కదా అని. ఆ మాట మొహం మీదే అన్నాను.

"అవునోయ్, భూతాన్నే. టోలు కట్టి మరీ వంతెన దాటొచ్చిన భూతాన్ని," అని ఇంకా గట్టిగా నవ్వాడు.

తాత కూడా నవ్వాడు. మా తాత హెయ్కి ఏడాదికి రెండుసార్లు నవ్వుతాడు. ఒక నవ్వు ఇవాళ వీడి మీద ఖర్చయిపోయింది.

తరవాత భూతం పెట్టె తెరిచాడు. లోపల ఎర్ర మఖమలు. అందులో రైఫిల్. భుజానికి ఆనే మడమ అక్రోటు కర్ర, నీలంగా మెరిసే గొట్టం, పైన గురి చూసే స్కోపు. వాళ్ళ నాన్న పెళ్ళికిచ్చాడట. తాత దాన్ని పసిబిడ్డని అందుకున్నట్టు రెండు చేతులతో అందుకున్నాడు.

"ఈ ఏడు మా జింకల వేట క్యాంపుకి రా," అన్నాడు తాత. నన్నెవరూ అడగలేదు.

అంతటితో ఆగలేదు. కాఫీ తాగుతూ, "నా మోకాళ్ళు ఇంక గుట్ట ఎక్కేట్టు లేవు. ఈ ఏడు రాయిని ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి," అన్నాడు.

ఎవరికో ఒకరికి! నేను ఎదురుగా కూర్చుని రొట్టె నములుతుండగా. నలభై ఆరేళ్ళుగా గుట్ట మీది ఆ ఎర్ర రాయి మీద జింక కోసం కాచుకుని తాత తప్ప ఎవరూ కూర్చోలేదు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఆ గుట్ట దాకా ఆయన సంచి మోసింది నేను. ఏడేళ్ళుగా కింద బురదలో కూర్చుని ఆ రాయికేసి చూస్తున్నది నేను.

అక్టోబర్ 11

ప్రశాంతంగా ఆలోచించాను. నాకు ఆ మనిషి మీద కోపం లేదు. కోపం ఆ అక్రోటు కర్ర మీద. పాత కార్మిక భవనం నేలమాళిగలో దొరికిన "అడవి అందరిది" కరపత్రంలో స్పష్టంగా ఉంది: పనిముట్టు అలంకారమైన చోట పని అవమానమవుతుంది. కింద గీత గీశాను, రెండుసార్లు. ఆ కరపత్రం అచ్చయ్యేనాటికి మా నాన్న ఇంకా పుట్టలేదు. అయినా నా సంగతే రాసినట్టుంది.

ఇన్నాళ్ళూ క్లిఫ్ ట్రెంబాత్ దగ్గర అరువు తెచ్చుకున్న తుపాకితో వేటాడాను. ఆయన తాత స్నేహితుడు, క్యాంపులో వంటవాడు. ఈ వేసవిలో దాన్ని అమ్మేశాడు. కాబట్టి నేను కొనాలి. కొనబోయేది ఎలా ఉండాలంటే:

బోల్టు తుపాకి. చేత్తో తెరిచి చేత్తో మూసేది. భాగాలు తక్కువ, పాడైతే రంపపు మిల్లులో పనిచేసేవాడు కూడా విప్పి బాగుచేసుకోగలగాలి.

తూటాలు ముప్పై-సున్నా-ఆరు. పెట్రోలు బంకులో కూడా దొరుకుతాయి. భూతం తుపాకి తూటాలు ప్రత్యేకంగా తెప్పించుకోవాలట. చూశారా మరి!

అలంకారం ఉండకూడదు.

చవగ్గా ఉండాలి. ఇది సూత్రం. జేబు సంగతి వేరే.

అక్టోబర్ 13

మిల్లులో పది గంటలు. భోజనాల వేళ, రాత్రి రాయి గురించి కల వచ్చిందని ఎవడికో చెప్పబోయి ఊరుకున్నాను.

అక్టోబర్ 17, శనివారం

తుపాకులమ్మే లెంపీ దుకాణానికి తాత నాతో వస్తానన్నాడు. తనంతట తనే. దారంతా సంతోషంగానే ఉన్నాను, "డేల్‌ది మంచి స్కోపు" అని తాత అనేవరకు.

లెంపీ మూడు తుపాకులు బల్ల మీద పెట్టింది. అరవై ఏళ్ళ మనిషి, గొంతు మాత్రం మిల్లు సైరను.

మొదటిది పాత సైన్యం సరుకు. ముందు చెక్క కోసి వేటకి తగ్గట్టు చేశారు. అన్నిట్లోకీ చవక. గొట్టం లోపల అద్దంలా ఉంది. కానీ అది కార్మికులు ఒకరినొకరు కాల్చుకోవడానికి పుట్టిన తుపాకి. ఆ మాట చెప్పాను.

"ఆ మాట జింకతో చెప్పు బాబూ, కన్నీళ్ళు పెట్టుకుని నీ ముందే పడుకుంటుంది," అంది లెంపీ.

రెండోది తేలిగ్గా, అందంగా ఉంది. బోల్టు వెన్నలా జారింది. ట్రిగ్గర్ మాత్రం గుర్రాన్ని లాగినట్టుంది.

మూడోదాని మడమ బిర్చి చెక్క. ముదురు రంగు పూసి అక్రోటు అనిపించాలని చూశారు, ఎవరికీ అనిపించదు. బోల్టు గరగర. స్కోపు దాంతోనే వస్తుంది, బిస్కెట్ల డబ్బాలో బొమ్మ వచ్చినట్టు.

తాత జేబులోంచి పది సెంట్ల నాణెం తీశాడు. "గొట్టం చివర ఇది పెడతా. ఖాళీ తుపాకి. బోల్టు మూసి ట్రిగ్గర్ నొక్కు. నాణెం పడిందంటే ట్రిగ్గర్ తుపాకిని కదిలించినట్టే."

రెండోదాని మీద నాణెం పడింది. మళ్ళీ పడింది. మూడోదాని మీద నిలబడింది. మూడుసార్లూ.

"ఇదే," అన్నాడు తాత.

"రంగేసిన కర్ర, తాతా. అబద్ధం ఆడుతోంది."

"కర్ర ఆడితే ఆడనీ. ట్రిగ్గర్ ఆడట్లేదుగా."

తరవాత దాన్ని భుజానికెత్తి, కిటికీలోంచి స్కోపుతో వీధి అవతలి బ్యాంకు గడియారం చూశాడు. ఎంతసేపు చూశాడంటే లెంపీ దగ్గింది. "పది ఇరవై," అన్నాడు చివరికి, బడిలో జవాబు సరిపోయిన పిల్లాడిలా. దించి, మళ్ళీ ఎత్తి చూశాడు. మనసులో దీన్ని డేల్ స్కోపుతో పోల్చుకుంటున్నాడని నాకు అర్థమైంది. లాక్కుని బల్ల మీద పెట్టేశాను.

బయటికొచ్చాక నాణెం నా చేతిలో పెట్టాడు. "ఉంచుకో. మా నాన్న నాకిచ్చింది." కొన్నది మూడోదే.

అక్టోబర్ 18

రెండొందల సార్లు బోల్టు తెరిచి మూశాను. గరగర తగ్గలేదు. అలవాటవుతోంది. నాణెం చొక్కా జేబులో ఉంది. భూతానికి తాత నాణెం ఇవ్వలేదు.

అక్టోబర్ 25

సిల్వియా ఫోన్ చేసింది. డేల్ క్యాంపుకి ఏమేం సర్దుకోవాలి అని అడిగింది. ఎర్ర మఖమలు మర్చిపోవద్దని చెప్పు అన్నాను.

"టౌనో, నీకు కుళ్ళురా," అంది.

ఫోన్ పెట్టేశాను. కుళ్ళట! వర్గ దృష్టికీ కుళ్ళుకీ తేడా తెలియకుండా నర్సింగ్ కాలేజీ ఎలా గట్టెక్కిందో! దానికి ఉత్తరం రాశాను, నాలుగు పేజీలు. ఆస్తి, అలంకారం, అడవి అనే శీర్షికలతో. మూడో పేజీలో వాడి తుపాకిని పదకొండుసార్లు వర్ణించానని తరవాత చూసుకున్నాను. పంపలేదు.

నవంబర్ 8, ఆదివారం

ఇసుక గుంట దగ్గర తుపాకులకి గురి కట్టాం, అంటే తూటా చూసిన చోటే పడేట్టు సరిచేసుకున్నాం. ఏటా వేట సీజనుకి ముందు ఆదివారం ఇదే పని. వంద గజాల దూరంలో కాఫీ డబ్బా మూత, మనిషికి మూడు తూటాలు. డేల్ శుక్రవారమే వచ్చి మా ఇంట్లో దిగాడు.

నావి మూడూ మూతలో. మూడూ! అరచేతితో కప్పేయొచ్చు. మూడొందల డాలర్లు దాటని తుపాకి, రంగేసిన కర్ర. వాడివి కూడా మూడూ మూతలోనే పడ్డాయి, నాకంటే వెంట్రుకవాసి దగ్గరగా. కొలవమని క్లిఫ్‌ని అడిగాను.

"జింక స్కేలు పట్టుకుని తిరగదు నాయనా," అన్నాడు క్లిఫ్.

తాత నా మూతకేసి చూసి తలూపాడు. అంతే. తరవాత భూతం పక్కన కూర్చుని వాడి స్కోపులోంచి గుంట చివర ఉన్న చెట్టుని చూస్తూ ఏదో అడిగాడు. వాడు తాత చెవి దగ్గరికి వంగి నెమ్మదిగా చెప్పాడు. ఇద్దరి తలలూ ఒకచోట. నేను ఖాళీ తూటాలు ఏరుకున్నాను.

తాత తన పాత తుపాకిని కాల్చలేదు. దానికి స్కోపు లేదు, మీద రెండు ఇనప గురులే. "దానికి గురి కట్టక్కర్లేదు, దానికే దారి తెలుసు," అన్నాడు.

వెళ్ళే ముందు క్లిఫ్ క్యాంపు చట్టం భూతానికి అప్పజెప్పాడు. ఒకటి, గురి కట్టిన తుపాకి మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు, సొంతదారు చేతికిస్తే తప్ప. రెండు, జింకని కాల్చి తప్పినవాడి చొక్కా వెనక వేలాడే తోక కత్తిరించి, పేరూ తేదీ దూరం రాసి గోడకి కొడతారు.

"పాతవాళ్ళవి కలిపి గోడ మీద ముప్పై ఒకటి ఉన్నాయి. నావి తొమ్మిది తోకలు. ఇంట్లో నాకు మంచి చొక్కా లేదు," అన్నాడు క్లిఫ్. "ఈ టౌనోవి రెండు. హెయ్కిది ఒక్కటీ లేదు. నలభై ఆరు సీజన్లలో ఒక్కటీ."

"నా చొక్కాలు ఖరీదైనవి, అందుకు," అన్నాడు తాత. రెండో నవ్వు కూడా అయిపోయింది.

నవంబర్ 12

తాత నాతో రాయి మాట ఎత్తలేదు.

నవంబర్ 13, శుక్రవారం. క్యాంపు

ఉదయం చేరాం. మంచు మడమ లోతు. పొయ్యి వెలిగించే పని నాది, ఎప్పుడూ. నేను సామాను దించి వచ్చేసరికి భూతం వెలిగించేశాడు. పొగ కూడా రాలేదు.

మధ్యాహ్నం వాడు పారా, చిన్న దిండూ పట్టుకుని గుట్ట మీదికి వెళ్ళడం చూశాను. దిండు! రాయి మీద వేసుకోవడానికి. తాత గుమ్మంలో నిలబడి ఎటు వెళ్ళాలో చేత్తో చూపిస్తున్నాడు. ఇక చెప్పాల్సిందేముంది?

క్లిఫ్ మాంసం కూరిన పాస్టీలు వేడి చేశాడు. నేను ఒకటే తిన్నాను. "ఒంట్లో బాలేదా?" అని అడిగింది భూతమే. ఆవిరి స్నానానికి సౌనాలో కూర్చున్నప్పుడు కూడా వాడే తాత వీపు రుద్దాడు.

నవంబర్ 14, శనివారం

మధ్యాహ్నం వాళ్ళు ముగ్గురూ కట్టెలకి వెళ్ళారు. గది ఊడుస్తానని నేను ఉండిపోయాను. ఊడ్చాను. బల్ల కింద, మంచాల కింద, తుపాకుల స్టాండు కింద. శుభ్రంగా ఊడ్చాను.

అదే రోజు, దీపాలు పెట్టాక

చేతిరాత బాలేదు. బల్ల ఆ చివర వాళ్ళు పేకాడుతున్నారు, నేను కరపత్రం మీద నోట్సు రాస్తున్నానని అనుకుంటున్నారు.

భోజనాలయ్యాక తాత స్పూనుతో కప్పు మీద కొట్టాడు. "రేపు ఒక్కరోజు నేను రాయి మీద కూర్చుంటా. ఆఖరుసారి. డేల్ రెండు రోజులుగా గుట్టకి మెట్లు తవ్వాడు, మోకాళ్ళ కింద పెట్టుకోవడానికి దిండు కూడా పెట్టాడు. ఎల్లుండి నుంచి రాయి టౌనోది."

నాది.

"మరి వాడిది కాకపోతే ఎవరిది?" అన్నాడు డేల్, అందరికంటే ముందు నా వీపు మీద చరిచాడు.

ఇప్పుడు రాసేస్తాను, రాయకపోతే పడుకోలేను. మధ్యాహ్నం వాడి స్కోపు పక్క మూత విప్పాను. కింది మరని నాణెం అంచుతో తిప్పాను. ఒక చుట్టు. ఒక్కటే. మూత మళ్ళీ బిగించాను. వంద గజాల్లో అడుగు పైనే ఎడమకి పోతుంది. రాయి వాడికే దక్కిందనుకున్నాను. మొదటిరోజే తప్పి, గోడకి తోక వేలాడాలని, ఆ నవ్వు ఒక్కసారి ఆగాలని అనుకున్నాను. అంతకంటే ఏమీ అనుకోలేదు.

తుపాకుల స్టాండు తాత మంచం పక్కన ఉంది. అందరూ గదిలోనే ఉన్నారు. వెనక్కి తిప్పడానికి వీల్లేదు.

ఫరవాలేదు. వాడు బీవరు జంతువులు వాగుకి కట్టిన కట్ట దగ్గర కూర్చుంటాడు. అటు జింకలు రావు. వాడొక్కడికే సంబంధించిన సంగతి. రెండు రోజులు పోయాక ఏదో ఒక వంకతో సరిచేసేస్తాను.

నవంబర్ 15, ఆదివారం. సీజను మొదటిరోజు

తెల్లవారుజామున ఐదింటికి నేను బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాను. తాత తన పాత తుపాకి తీసుకున్నాడు. గుమ్మం దగ్గర డేల్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"తాతా, నాది తీసుకెళ్ళు."

"నీదెందుకు?"

"ఇసుక గుంట దగ్గర నాతో చెప్పావు కదా, ఇనప గురి రెండుగా కనిపిస్తోందని. స్కోపులో బాగా కనబడింది అన్నావు. ఆఖరుసారి కూర్చుంటున్నావు, సరిగ్గా చూసి కూర్చో. నేను నీది పట్టుకెళ్తా."

తాత నావైపు ఓ చూపు వేశాడు. "టౌనోకి చెప్పకు, వాడు బెంగపడతాడు అన్నాగా," అన్నాడు గొంతు తగ్గించి. నాకు వినబడింది. ఆ గది ఎంతని!

బ్యాంకు గడియారం. పది ఇరవై. ఆ రోజు దుకాణంలో ఆయన పోల్చి చూడటం లేదు. ఆయనకి కనబడుతోంది, అంతే. నేను లాక్కున్నాను.

నోరు తెరిచాను. చెప్పాల్సింది ఒక్క వాక్యం. క్లిఫ్ నా నోట్లో రొట్టె ముక్క కుక్కి "పదపద, వెలుగొస్తోంది" అన్నాడు. ఆ రొట్టె మీద నెపం పెట్టను. నమలడం నేనే మొదలుపెట్టాను.

నా తుపాకి నేను ఇచ్చి ఉండాల్సింది. "తాతా, నాది తీసుకో, నాణెం నిలబడ్డది" అని. ఆ మాట ఇప్పుడు తోస్తోంది, సాయంత్రం నాలుగింటికి.

ఎనిమిదీ పదికి గుట్ట మీంచి ఒక మోత వచ్చింది. బురదలోంచి లేచి పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో రాయక్కర్లేదు. కరపత్రంలో అన్నిటికంటే నల్లగా అచ్చయిన వాక్యం ఒకటుంది, గాయపరిచి వదిలిన జంతువు గురించి. ఎడమకి అడుగు. పొట్టలో తగిలి ఉంటే...

తాత మంచులో నిలబడి ఉన్నాడు. జాడలున్నాయి, రక్తం లేదు. ఒక్క చుక్క లేదు. నేను మోకాళ్ళ మీద వంద గజాలు వెతికాను. జింక నిలబడ్డ చోటికి ఎడమ పక్క ఒక బిర్చి చెట్టు బెరడు తెల్లగా లేచిపోయి ఉంది.

"ఎనిమిది మొనల కొమ్ములు," అన్నాడు తాత. "డెబ్భై గజాలు. కదలకుండా నిలబడింది నాకోసం. కళ్ళే కాదురా, చెయ్యి కూడా పోయింది నాది."

"గాలి..." అన్నాను.

"గాలేది?"

క్యాంపులో క్లిఫ్ కత్తెర తీయనన్నాడు. "వదిలెయ్ హెయ్కి. ముసలాడివి."

"ముప్పై ఒక్క తోకలు కోసినప్పుడు ఎవరి వయసు అడిగావు? కొయ్యి."

తాత నిలబడి వెనక్కి తిరిగాడు. పచ్చ గళ్ళ ఉన్ని చొక్కా. కత్తెర ఆ ఉన్ని మీద రెండుసార్లు జారింది. క్లిఫ్ పేరు రాశాడు, తేదీ రాశాడు. దూరం డెబ్భై గజాలు. మేకు తాతే కొట్టాడు. తరవాత మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం పన్నెండింటికి.

డేల్ నవ్వడం ఆగింది. నేను కోరుకున్నదే.

నవంబర్ 16, సోమవారం

ఇవాళ రాయి నాది. వెళ్ళలేదు. కడుపు నొప్పి అన్నాను.

తాత కూడా లేవలేదు. "ఇంక నన్ను ఇంటి దగ్గర దించేయండి," అన్నాడు. "తుపాకులు మీరు పంచుకోండి."

డేల్ ఎవరికీ చెప్పకుండా ఇసుక గుంటకి వెళ్ళి పది గంటలకి తిరిగొచ్చాడు. బూట్లు కూడా విప్పలేదు. "తాతా, లే. తప్పు నీది కాదు. తుపాకి అడుగున్నర ఎడమకి పోతోంది. మూడు కాల్చాను, మూడూ అక్కడే. నీ గురి సరిగ్గా ఉంది."

తాత లేచి కూర్చున్నాడు.

"ట్రక్కులో ఎక్కడో తగిలి ఉంటుంది. నేను మళ్ళీ చూసుకుని నీ చేతికివ్వాల్సింది. నా నిర్లక్ష్యం. క్లిఫ్, ఆ తోక దించు. కత్తెర తే, నా చొక్కా కొయ్యి," అని చొక్కా పైకి లాగాడు. బొజ్జ కనబడింది.

తాత కళ్ళలో నీళ్ళు. వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒప్పుకునేవాడు గొప్పవాడురా," అన్నాడు.

అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. నిజమే రాయాలి: మొదట వచ్చింది పశ్చాత్తాపం కాదు. నా తాత, నా పొయ్యి, నా తాత వీపు, ఇప్పుడు నా తప్పు కూడా వీడికేనా? నా తప్పుకి నా తాత చెయ్యి వీడి భుజం మీదా?

"అది నాది!" అని అరిచాను.

క్లిఫ్ కత్తెర ఆగింది. "ఏది నీది? చొక్కానా?"

"తప్పు. నేను తిప్పాను. శనివారం, మీరు కట్టెలకెళ్ళినప్పుడు. నాణెంతో. ఒక చుట్టు."

డేల్ చొక్కా పట్టుకునే ఉన్నాడు. "నా మీద కోపంతోనా?" అన్నాడు. "నేనేం చేశాను నిన్ను?"

ఏం చేశాడో చెప్పడానికి వెతికాను. పొయ్యి వెలిగించాడు. మెట్లు తవ్వాడు.

తాత మంచం దిగి నా ఎదురుగా నిలబడ్డాడు. "గురి కట్టాక అది వాడి తుపాకి కాదు, నా తుపాకి కాదు. అవతల నిలబడ్డదాని ప్రాణం. దాని పొట్టలో తగిలి, వారం రోజులు ఈ బురదలో ఈడ్చుకుంటూ చచ్చుంటే? నీ కాగితాల్లో ఆ ముక్క లేదా?"

"ఉంది, తాతా."

"గీత గీశావా కింద?"

"గీశాను."

"నాణెం ఇటు."

ఇచ్చాను. చేతిలో వేడిగా ఉంది.

"రాయి ఈ సీజనుకి డేల్‌ది, రేపొక్క రోజు మాత్రం నాది," అన్నాడు తాత. "నీ తుపాకి రేపు నేను పట్టుకెళ్తా. నాది నువ్వు పట్టుకో. తూటాలు నీకు లేవు. బురదలో కూర్చో. కూర్చుని చూడు."

క్లిఫ్ కత్తెర నా వైపు తిప్పాడు. నాకు ఉన్నది ఆ ఒక్క మంచి చొక్కానే. కోసి, బల్ల మీద పరిచి, పేరు రాశాడు, తేదీ రాశాడు. "దూరం ఎంత రాయను?"

"చేతికందేంత," అన్నాను.

రాశాడు. ఎవరూ నవ్వలేదు. క్లిఫ్ గోడ మీది తాత తోక దించబోతే తాత వద్దన్నాడు. "కాల్చింది నేను, తప్పింది నేను. ఉండనీ." రెండూ పక్కపక్కన ఉన్నాయి. పచ్చ గళ్ళు, నా నీలం.

నవంబర్ 17, మంగళవారం

ఖాళీ తుపాకి ఒళ్ళో పెట్టుకుని తెల్లారకముందు నుంచే కూర్చున్నాను. ఖాళీ అని జింకలకి ఎవరు చెప్పారో! ఏడున్నరకి ఎనిమిది మొనల కొమ్ములున్న మగ జింక ఇరవై అడుగుల్లోకి వచ్చింది. ముక్కు మీద మంచు. నాకేసి చూసింది. ఏడేళ్ళుగా ఈ బురదలో ఇంత దగ్గరగా ఒక్కటి రాలేదు. ఒంటి పక్క ఎక్కడా గాయం లేదు. రెండుసార్లు చూశాను. తరవాత తీరిగ్గా గుట్టవైపు వెళ్ళింది.

సెకన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఎంతవరకు లెక్కపెట్టానో గుర్తు లేదు. ఒక మోత వచ్చింది. నా తుపాకి మోత, ఇసుక గుంటలో విన్నాను, తెలుసు. రెండో మోత కోసం ఊపిరి బిగపట్టాను. రాలేదు.

నేను ఎక్కేసరికి డేల్ ముందే అక్కడున్నాడు. జింక పడిన చోటే పడి ఉంది. తాత రాయి మీద దిండేసుకుని కూర్చుని నా తుపాకి బోల్టు తెరిచి మూసి, తెరిచి మూసి చూస్తున్నాడు.

"గరగరలాడుతోంది," అన్నాడు.

"చవక సరుకు, తాతా."

"నూనె వెయ్యి. ఊరికే కాగితాలు చదవకపోతే."

ఒక కొమ్ము డేల్ పట్టుకున్నాడు, ఒకటి నేను. కిందికి లాగుతూ దారిలో రెండుసార్లు ఆగాం. మొదటిసారి బూట్ల మంచు దులుపుకున్నాం. రెండోసారి "మెట్లు బాగా తవ్వావు, డేల్," అన్నాను. "చలికి వేళ్ళు ఊడాయి," అన్నాడు. నవ్వలేదు ఇంకా. పడుతుంది టైము.

రేపటి నుంచి వాడు రాయి మీద. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే వాడు దిండు మంచు దులిపి పొయ్యి దగ్గర ఆరబెట్టడానికి తెస్తున్నాడు. తాత తలుపు తెరిచి పట్టుకున్నాడు వాడికోసం.

నాకు కుళ్ళుగా ఉంది. ఊరెళ్ళగానే సిల్వియాకి ఫోన్ చెయ్యాలి.